బొగ్గు మసి, చెలక దుమ్ము: మోడల్ రైల్వే లేఅవుట్‌కు వెదరింగ్, ఆపైన ఫొటోలు

డబ్బాలోంచి తీసిన కొత్త వ్యాగన్ బొమ్మలా కనిపించడానికి కారణం దాని సైజు కాదు. ఒళ్లంతా ఒకే రంగు, ఒకే మెరుపు ఉండటమే. కాజీపేట యార్డులో ఆగి ఉన్న నిజం వ్యాగన్‌ను చూడండి. పై అంచు అరిగి ఇనుము తేలి ఉంటుంది, పక్క పలకలు ఎండకు వెలిసి ఉంటాయి, కింది భాగం దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. ఆ తేడాలను మోడల్ మీదికి తేవడమే వెదరింగ్.

చాలామంది ఇక్కడే పొరబడతారు. నల్ల రంగు నీళ్లలో కలిపి బండంతా పూసి, నాలుగు చోట్ల ఆరెంజ్ చుక్కలు పెట్టి తుప్పు అనుకుంటారు. మరక వేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ మురికి ఎక్కడి నుంచి వచ్చింది? ఎటు జారింది? ఎక్కడ ఆగింది? మూడింటికీ జవాబు తెలిసిన మరకనే వేయండి. ఈ మార్గదర్శి అంతా ఆ పద్ధతి మీదే నడుస్తుంది. ఉదాహరణకు కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం వైపు పోయే బొగ్గు లైన్‌ను, 1:87 హెచ్‌ఓ స్కేల్‌ను (నిజం కొలతలో 87వ వంతు) తీసుకున్నాను. మీది ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్ అయితే కొలతలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు చూడండి, తర్వాతే కుంచె పట్టండి

వరంగల్ జిల్లాల వాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది. బల్లార్షా, సికింద్రాబాద్, విజయవాడ లైన్లు కలిసే జంక్షన్ కాజీపేట. డీజిల్ షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు రెండూ అక్కడే ఉన్నాయి. సింగరేణి బొగ్గు, సిమెంటు, బియ్యం, ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ కళ్లముందే పోతాయి. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద కాసేపు నిలబడితే ప్లాట్‌ఫారం మీద ఎన్నాళ్లు తిరిగినా కనిపించనివి కనిపిస్తాయి: బోగీల పైకప్పులు, ఇంజిన్ నెత్తి, బొగ్గు కుప్పల తీరు. లేఅవుట్‌ను, అంటే బల్ల మీద కట్టిన మన చిన్న రైల్వేను, మనం ఎప్పుడూ పైనుంచే చూస్తాం కాబట్టి, మోడల్‌లో అన్నిటికంటే ఎక్కువ కంటబడేది పైకప్పే. విచిత్రం ఏమిటంటే అందరూ వదిలేసేదీ దాన్నే.

బ్రిడ్జి, రైలు కిటికీ, ప్లాట్‌ఫారం చాలు. ఫొటో కోసం పట్టాల మీదికి దిగొద్దు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. ప్రాణం సంగతి వేరే చెప్పాలా.

చూసేటప్పుడు కాలం, ఋతువు తేల్చుకోండి. 1980ల కాజీపేట చేస్తుంటే ముదురు ఎరుపు ఐసీఎఫ్ (పాత రకం) బోగీలు, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ రావాలి. అప్పటి బోగీలకు పోత ఇనుము బ్రేక్ బ్లాకులు. బ్రేక్ పడినప్పుడల్లా అవి అరిగి, సన్నటి ఇనుప పొడి ఎగిరి, కింది ట్రాలీల మీద, పట్టాల మధ్య గోధుమ రంగు పొరలా పేరుకునేది. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ బోగీలకు డిస్క్ బ్రేకులు, కాబట్టి ఆ పొర అంతగా ఉండదు. ఇక ఋతువు. ఎండాకాలమైతే చెలక నేల ఎర్రదుమ్ము బండి కింది సగం మీద పొడిగా ఉంటుంది. వానాకాలమైతే అదే దుమ్ము చారలుగా జారి, కింది అంచు దగ్గర గడ్డకడుతుంది. రెండూ ఒకే బండి మీద వేస్తే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేడు.

తుప్పు పట్టనివి ఏవో కూడా రాసుకోండి. ఓహెచ్‌ఈ (పట్టాల పైన పోయే కరెంటు తీగల) స్తంభాలకు జింకు పూత ఉంటుంది, అవి బూడిద రంగులోనే మాసిపోతాయి. కాంక్రీటు స్లీపర్లు తుప్పు పట్టవు, వాటిని పట్టే క్లిప్పులు పడతాయి. బొగ్గు మోసే బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ వ్యాగన్ ఒళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి దాని మీద బొగ్గు మసి, దుమ్ము ఉంటాయి గానీ పాత బాక్స్‌ఎన్ లాంటి తుప్పు పొలుసులు ఉండవు.

సామాన్లు

హాబీ రంగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వల్లెహో, తమియా మంచివే, ఖరీదు కూడా మంచిదే. మొదటి నాలుగు వ్యాగన్లకు అవి అక్కర్లేదు. హన్మకొండ చౌరస్తా దగ్గర స్టేషనరీ షాపులో దొరికే ఆక్రిలిక్ ట్యూబులు చాలు: నలుపు, తెలుపు, బర్న్ట్ అంబర్, రా అంబర్, బర్న్ట్ సియన్నా, యెల్లో ఓకర్. అవే రంగుల్లో రెండు మూడు ఆయిల్ ట్యూబులు, టర్పెంటైన్ తీసుకోండి. మెడికల్ షాపులో గానీ ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. మ్యాట్ వార్నిష్ మాత్రం మంచిదే కొనాలి, అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

పాస్టెల్స్ దగ్గర ఒక జాగ్రత్త. షాపువాళ్లు మామూలుగా ఆయిల్ పాస్టెల్స్ చేతిలో పెడతారు. అవి మైనంలా ఉంటాయి, పొడి కావు. మనకు కావాల్సింది సుద్దలా పొడిబారే సాఫ్ట్ పాస్టెల్స్. గరుకు కాగితం మీద రుద్ది పొడి చేసుకుని చిన్న డబ్బాల్లో పెట్టుకోండి. తుప్పు రంగులు రెండు, బూడిద రంగు, మసి రంగు, చెలక మట్టి రంగు ఉంటే సరిపోతుంది.

కంకర కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మన రైల్వే కంకర గరిష్ఠ సైజు 65 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే ముప్పావు మిల్లీమీటరు. ఇళ్లు కట్టే చోట దొరికే రోబో ఇసుక గ్రానైట్ రాయి పిండి చేసిందే, రంగూ అదే. టీ వడకట్టే జాలీలో జల్లించి లావు రవ్వ తీసేయండి. మిగిలిన దాన్ని సన్న గుడ్డలో జాడించి పిండి వదిలించండి. మధ్యలో మిగిలేదే మీ కంకర. కడిగి, బాణలిలో వేడి చేసి ఆరబెట్టండి. చివరగా కాగితం మీద పరిచి అయస్కాంతం తిప్పండి. ఇనుప రవ్వ ఒక్కటి ఉన్నా రేపు అది ఎగిరి ఇంజిన్ మోటారు అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఇదే కారణంతో నిజమైన తుప్పు పొడిని పట్టాల దగ్గర వాడొద్దు. స్టీల్ ఉన్ని నానబెట్టి తుప్పు చేసుకునే చిట్కా చాలామంది చెబుతారు. రేకుల షెడ్డు కప్పు మీదికి అది బాగానే ఉంటుంది, ఇంజిన్ తిరిగే చోటికి వద్దు.

పొడులు, స్ప్రేలు వాడేటప్పుడు మాస్కు పెట్టుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి. ఆల్కహాల్, టర్పెంటైన్ రెండూ మండేవే. గదిలో దోమల చుట్ట, అగరుబత్తి వెలగకూడదు.

పట్టాల నుంచి మొదలుపెట్టండి

బండ్ల కంటే ముందు ట్రాక్. కారణం మామూలే: బండి మీద పడే దుమ్ములో సగం ట్రాక్ నుంచే లేస్తుంది. నేల రంగు ఖాయమైతేనే బండి రంగు తేలుతుంది.

ముందే ఒక విషయం ఒప్పుకోవాలి. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., హెచ్‌ఓలో అది 19 మి.మీ. దాటాలి. దొరికే ట్రాక్ 16.5 మి.మీ. అంటే ట్రాక్ కాస్త ఇరుకు. పక్కనుంచి, తక్కువ ఎత్తు నుంచి చూస్తే ఇది తెలియదు. ఎదురుగా పట్టాల మధ్య నుంచి చూస్తే తెలుస్తుంది. ఫొటో కోణాలు ఎంచేటప్పుడు గుర్తుంచుకోండి.

పట్టా పక్కలకు బర్న్ట్ అంబర్‌లో కొద్దిగా బూడిద, చిటికెడు ఆరెంజ్ కలిపి సన్న కుంచెతో పూయండి. స్లీపర్ క్లిప్పుల మీదికి కూడా వెళ్లనివ్వండి. రంగు తడి మీద ఉండగానే పట్టా పైభాగాన్ని గుడ్డతో తుడవండి. పైభాగం ఎప్పుడూ మెరవాలి, కరెంటు అందాలన్నా అదే దారి. లూప్ లైన్, ఎవరూ వాడని సైడింగ్ పట్టాలు మాత్రం ఎక్కువ ఎర్రగా ఉండొచ్చు.

కాంక్రీటు స్లీపర్లకు లేత బూడిదలో రా అంబర్ కలిపిన రంగు. మెయిన్ లైన్‌లో స్లీపర్లు దాదాపు 60 సెం.మీ.కు ఒకటి, హెచ్‌ఓలో 7 మి.మీ. దొరికే ట్రాక్‌లో ఆ దూరం తేడాగా ఉంటే రంగుతో ఏమీ చేయలేం, కంకరతో కొంత దాచవచ్చు.

కంకరను పొడిగానే పరిచి మెత్తటి కుంచెతో సర్దండి. స్లీపర్ పైముఖం మీద ఒక్క రవ్వ మిగలకూడదు. ఫొటోలో మొదట దొరికిపోయేది అదే. తర్వాత నీళ్లు, ఆల్కహాల్ సగం సగం కలిపి పొగమంచులా స్ప్రే చేయండి. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు, గిన్నెల సోపు ఒక చుక్క కలిపి డ్రాపర్‌తో పట్టాల మధ్య వదలండి. పాయింట్ల (బండి ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మారే చోటు) దగ్గర కదిలే భాగాలకు ముందే ఒక చుక్క నూనె రాయండి, జిగురు అక్కడ పట్టదు. రాత్రంతా ముట్టుకోవద్దు.

ఆరాక రంగు. స్టేషన్ దగ్గర, బండ్లు బ్రేక్ వేసే మేర, పట్టాల మధ్య గోధుమ పొడి దులపండి. స్టార్టర్ సిగ్నల్ (స్టేషన్ నుంచి బయల్దేరడానికి ఇచ్చే సిగ్నల్) ముందు ఇంజిన్ ఆగే చోట నూనె మరక: నలుపు, అంబర్ కలిపిన పలుచని రంగు, మధ్యలో మాత్రమే. బొగ్గు సైడింగ్‌లో కంకర కనబడనంత మసి ఉన్నా తప్పులేదు. మెయిన్ లైన్ మధ్యలో, ఊళ్లకు దూరంగా, కంకర తన బూడిద రంగులోనే ఉండాలి. అంతటా ఒకే మురికి అంటే మళ్లీ ఒకే రంగు పూసినట్టే.

నేల కోసం నిజమైన మట్టే వాడండి. చెలక మట్టి, రేగడి మట్టి రెండూ మన దగ్గర పక్కపక్కనే దొరుకుతాయి. ఎండబెట్టి, దంచి, గుడ్డలో జల్లించి, బాణలిలో బాగా వేడి చేసి వాడండి, పురుగులు రావు. జిగురు పడ్డాక మట్టి ఒక మెట్టు ముదురు రంగుకు దిగుతుంది, ఆరినా పూర్తిగా వెనక్కి రాదు. అందుకే పై పొరగా కొంత పొడి మట్టిని జిగురు లేకుండా దులిపి, పైనుంచి పలుచని వార్నిష్ కొట్టండి.

ఒక బాక్స్‌ఎన్ వ్యాగన్, మొదటి నుంచి చివరి దాకా

బాక్స్‌ఎన్ పొడవు కప్లర్లతో కలిపి 10.713 మీటర్లు, హెచ్‌ఓలో 123 మి.మీ. నిజం రేక్‌లో (ఒక పూర్తి గూడ్స్ బండిలో) 58 దాకా ఉంటాయి, అంటే మోడల్‌లో ఏడు మీటర్లు. అంత హాలు ఎవరికీ ఉండదు. పన్నెండు వ్యాగన్లు చాలు. ఆ పన్నెండింటిలో రెండు ఈమధ్యే పీఓహెచ్ (వర్క్‌షాపులో గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతు) అయి కొత్త రంగుతో వచ్చినవి, ముగ్గురు ముసలివాళ్లు, మిగతావి నడిమి రకం అనుకోండి. పన్నెండూ ఒకేలా మాసిపోతే అది రేక్ కాదు, యూనిఫాం.

శుభ్రం చేయడం. చక్రాలు తీసేయండి. గోరువెచ్చని సోపు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. ఆపైన అంచులు పట్టుకునే ఎత్తాలి, వేలి జిడ్డు మీద రంగు నిలవదు.

మెరుపు చంపడం. మ్యాట్ వార్నిష్ ఒక పలుచని కోటు. వాన పడుతున్న రోజు స్ప్రే డబ్బా ముట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువైతే వార్నిష్ తెల్లగా మబ్బు పడుతుంది. జూలై, ఆగస్టుల్లో అయితే మధ్యాహ్నం ఎండ వచ్చిన గంట చూసుకుని కానివ్వండి.

వెలిసిపోయిన రంగు. వ్యాగన్ అసలు రంగుకు కొద్దిగా తెలుపు, ఓకర్ కలిపి, పలుచని మజ్జిగలా చేసి, పలకల మధ్య భాగంలో మాత్రమే పూయండి. పలకల చుట్టూ, నిలువు పట్టీల పక్కన ముదురుగానే వదిలేయండి. ఎయిర్‌బ్రష్ ఉంటే 15 నుంచి 20 పీఎస్ఐ దగ్గర ఇదే పని నిమిషాల్లో అవుతుంది. లేకపోతే రెండు మూడు పలుచని పొరల్లో కుంచెతోనే చేయవచ్చు. నా లెక్కలో వ్యాగన్ వయసు చెప్పేది తుప్పు కంటే ఈ వెలిసిన రంగే.

వాష్. నలుపు వద్దు. అంబర్‌లో కొంచెం నలుపు కలిపిన ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో బాగా పలుచన చేసి, పట్టీల మూలల్లో, రివెట్ల చుట్టూ సన్న కుంచె మొనతో తాకించండి. రంగు తానే గీతల వెంట పారుతుంది. పావుగంట ఆగి, శుభ్రమైన కుంచెను టర్పెంటైన్‌లో ముంచి పిండి, పై నుంచి కిందికి ఒక్కటే దిశలో లాగండి. నీరు జారే దిశ అది. అడ్డంగా ఒక్క గీత పడినా వ్యాగన్ పడుకున్నట్టు ఉంటుంది.

తుప్పు. గరుకు స్పాంజి చిన్న ముక్క చింపి, బర్న్ట్ సియన్నా, అంబర్ కలిపిన రంగులో అద్ది, కాగితం మీద దాదాపు అంతా వదిలించాక వ్యాగన్‌కు తాకించండి. ఎక్కడ? బాక్స్‌ఎన్‌ను టిప్లర్ అనే యంత్రం పట్టుకుని తలకిందులు చేసి ఖాళీ చేస్తుంది. కాబట్టి పై అంచు మీద దెబ్బలు, సొట్టలు, గీతలు. తలుపుల కీళ్లు, కింది మూలలు, నీరు నిలిచే చోట్లు. పలక మధ్యలో కారణం లేకుండా తుప్పు పెట్టొద్దు. పాత తుప్పు ముదురు గోధుమ, కొత్త తుప్పే ఆరెంజ్. ఆరెంజ్ అన్నిటికంటే తక్కువ ఉండాలి, అదీ పెద్ద మచ్చ మధ్యలో చిన్న చుక్కగా. ఒకటి రెండు మచ్చల కింద ఆయిల్ రంగు చుక్క పెట్టి కిందికి లాగితే వాన నీటి చార వస్తుంది.

రామగుండం ఎన్టీపీసీకి గనుల నుంచి బొగ్గు తెచ్చే బాబ్‌ఆర్ వ్యాగన్ల కథ వేరు. వాటికి కింద తలుపులు తెరుచుకుని బొగ్గు రాలుతుంది. కాబట్టి మసి అంతా కింది ఏటవాలు పలకల మీద, తలుపుల చుట్టూ, చక్రాల మీద. రెండింటికీ ఒకే చోట మసి పూయడం అంటే బొగ్గు ఎటు పోతుందో చూడకుండా పూసినట్టే.

లోపలి వైపు. అక్కడ రంగు మిగలదు, బొగ్గు రాసుకుని రాసుకుని పోతుంది. బూడిద, అంబర్ మచ్చలు వేసి, పైనుంచి మెత్తటి పెన్సిల్ గ్రాఫైట్ పొడిని వేలితో రుద్దండి, అరిగిన ఇనుము నిగ వస్తుంది. మూలల్లో మసి.

రాతలు. వ్యాగన్ పక్కన పీఓహెచ్ తేదీ, రిటర్న్ తేదీ ఉండే చిన్న పెట్టెను ఇయర్ బడ్‌తో తుడిచి కొంచెం శుభ్రంగా ఉంచండి. సుద్దముక్కతో సిబ్బంది రాసే అంకెలు, గుర్తులు తెల్ల పెన్సిల్ మొనను బాగా చెక్కి ఒకటి రెండు చోట్ల గీయండి. ఇంత చిన్న పనికి వచ్చే ఫలితం చాలా పెద్దది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మాత్రం ఈ రాతల దగ్గరికి పోవద్దు, కంపెనీ అచ్చు రాతలు కూడా లేచిపోతాయి.

పొడులు. మెత్తటి కుంచెతో మసి పొడి పై అంచుల కింద, పట్టీల మీద. చెలక మట్టి పొడి కింది మూడో వంతు మీద, పైకి పోనుపోను పలుచనై మాయమయ్యేలా. వార్నిష్ కొట్టగానే పొడిలో సగం మాయమైనట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. అందరికీ అంతే. ముందే కావాల్సిన దానికంటే ఎక్కువ వేయండి, లేదా రెండు విడతలుగా వేయండి. చేత్తో ముట్టుకోని వ్యాగన్ అయితే ఆఖరి పొరకు వార్నిష్ కొట్టకుండానే వదిలేయవచ్చు.

చక్రాలు. పక్కలకు తుప్పు, మసి. పట్టాకు తగిలే అంచు మాత్రం తళతళలాడాలి. రంగు పడితే ఆల్కహాల్ ఇయర్ బడ్‌తో తుడవండి.

బొగ్గు లోడు. ఇస్త్రీ బండి బొగ్గు పనికిరాదు, అది కట్టె బొగ్గు, మెరవదు. రాక్షసి బొగ్గు చిన్న ముక్క దొరికితే గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి జల్లించండి. థర్మాకోల్ ముక్కను వ్యాగన్ లోపలికి సరిపోయేలా కోసి, నల్ల రంగు వేసి, ఫెవికాల్ రాసి, పైన బొగ్గు చల్లండి. బంకర్ కింద నింపిన వ్యాగన్‌లో కుప్ప ఒకే వరుసగా సాగుతుంది. లోడర్‌తో పోసినదాంట్లో రెండు మూడు గుట్టలు విడివిడిగా లేస్తాయి. మీ సైడింగ్‌లో ఏది ఉందో దాన్ని బట్టి చేయండి.

ఇంజిన్లు, బోగీలు, స్టేషన్

వ్యాగన్ చేతికొచ్చాక ఇంజిన్ కష్టం కాదు, ఖరీదు గుర్తొచ్చి టెన్షన్ అంతే. డీజిల్ ఇంజిన్‌కు మసి పొగగొట్టం చుట్టూ, అక్కడి నుంచి పైకప్పు మీద రెండు వైపులకూ పరుచుకుంటూ. ఇంధనం పోసే మూత కింద మెరిసే జిడ్డు చార ఒకటి, దీనికి మాత్రం మెరిసే గ్లాసీ వార్నిష్. ఎలక్ట్రిక్ ఇంజిన్‌కు పాంటోగ్రాఫ్ కార్బన్ పట్టీ తీగకు రాసుకుని రాలే పొడి పైకప్పును నల్లబరుస్తుంది, ఇన్సులేటర్లు కాస్త శుభ్రంగా ఉంటాయి. ముందు అద్దాల మీద వైపర్ తిరిగిన అర్ధచంద్రం వదిలి, మిగతా చోట దుమ్ము. దీనికి మాస్కింగ్ టేప్‌ను ఆ ఆకారంలో కోసి అంటించి పొడి దులపడమే. పొడి పని చేసేటప్పుడు ఇంజిన్ ఒళ్లును కింది ఫ్రేమ్ నుంచి విడదీయండి, మోటారు దగ్గరికి ఏదీ పోకూడదు.

ప్యాసింజర్ బోగీలను నీళ్లతో కడుగుతారు. కిటికీల చుట్టూ, పైకప్పు అంచు కింద బ్రష్ అందని చోట్లే మురికి ఉంటుంది. వ్యాగన్ మీద వేసినంత వేయొద్దు.

స్టేషన్ త్వరగా అయిపోతుంది. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు, తెలుగు, హిందీ, ఇంగ్లిష్. నల్లా కింద పాచి పచ్చ, స్తంభాల మొదట్లో పాన్ మరకలు, బెంచీ ముందు కాళ్లు రాసుకుని నున్నబడ్డ బండ. పాన్ మరకలు రెండు చోట్ల చాలు, ఎక్కువైతే ఎగతాళిగా ఉంటుంది.

ఫొటో: కన్ను ఎంత ఎత్తులో ఉంది?

మోడల్ ఫొటో చూడగానే మోడల్ అని తెలిసిపోయేది ముఖ్యంగా కెమెరా ఎత్తు వల్ల. మనిషి కన్ను ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే హెచ్‌ఓలో 18 మి.మీ. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి అయితే పట్టా నుంచి దాదాపు 28 మి.మీ. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద నుంచి అయితే 9 సెం.మీ. ఈ మూడు ఎత్తుల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. అర మీటరు ఎత్తు నుంచి తీస్తే అది నిజంలో నలభై మీటర్ల పైనుంచి చూసినట్టు. అక్కడ ఎవరూ నిలబడరు.

పెద్ద కెమెరా అంత కిందికి దిగదు. ఫోన్ దిగుతుంది. ఫోన్‌ను తలకిందులు చేసి లేఅవుట్ మీద ఆనించండి, లెన్సు దాదాపు పట్టా పక్కన, పాయింట్స్‌మన్ కన్ను ఎత్తుకు వస్తుంది. వైడ్ లెన్సు వద్దు, మెయిన్ కెమెరా వాడి కొంచెం వెనక్కి జరగండి. వైడ్‌లో దగ్గరి బఫర్ గుమ్మడికాయంత అవుతుంది.

వెలుతురు. సూర్యుడు ఒక్కడే, నీడ ఒక్కటే. గదిలో ట్యూబ్‌లైట్, ఫ్యాన్ పక్క బల్బు, కిటికీ వెలుగు మూడూ ఉంటే మూడు నీడలు, మూడు రంగులు. అన్నీ ఆపేయండి. ఒకే ఎల్‌ఈడీ, 5500 కెల్విన్ దగ్గర, సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. రెండు మీటర్ల దూరంలో 17 మి.మీ. వెడల్పున్న దీపం కూడా అంతే వెడల్పుగా కనిపిస్తుంది. అందుకే తొడుగు లేని చిన్న ఎల్‌ఈడీని దూరంగా పెడితే నీడ అంచు నిజం ఎండలాగే పడుతుంది. పెద్ద సాఫ్ట్‌బాక్స్ ముఖాలకు బాగుంటుంది, రైలుకు పెడితే బొమ్మ అని చెప్పేస్తుంది. ఎదుటి వైపు తెల్ల థర్మాకోల్ షీట్ నిలబెట్టండి, నీడల్లోకి కొంచెం వెలుగు పోతుంది, నిజంలో ఆ పని ఆకాశం చేస్తుంది.

దీపం ఎత్తు 30 నుంచి 40 డిగ్రీలు. వరంగల్ అక్షాంశం 18 డిగ్రీల దగ్గర కాబట్టి మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నీడలు కాళ్ల కిందే ఉంటాయి. ఆ వెలుగులో వ్యాగన్ పట్టీలు, రివెట్లు ఏవీ లేచి కనిపించవు. ఉదయం ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర వెలుగే మనం కష్టపడి వేసిన మచ్చలను చూపిస్తుంది. చిన్న మాడ్యూల్ అయితే ఎత్తుకుని డాబా మీదికే తీసుకుపోండి. అసలు సూర్యుడిని మించిన దీపం లేదు, కరెంటు బిల్లూ లేదు. గాలి లేని పొద్దు చూసుకోండి, పొడి మట్టి ఎగురుతుంది.

వెనుక తెర. ఫ్లెక్స్ మెరుస్తుంది, మ్యాట్ కాగితమో గోడ రంగో మంచిది. ఆకాశం అంతా ఒకే నీలం కాదు: నేలకు ఆనుకున్న చోట తెల్లగా మసక, పైకి పోనుపోను నీలం. రామగుండం కాబట్టి పొగగొట్టాలు కావాలనిపిస్తుంది. 200 మీటర్ల పొగగొట్టం హెచ్‌ఓలో కట్టాలంటే 2.3 మీటర్లు. దాన్ని తెర మీదే లేత బూడిదలో గీయండి. దూరపు వస్తువులో నలుపు ఉండకూడదు. తెరను ట్రాక్‌కు కనీసం ఒక అడుగు వెనక ఉంచితే బండి నీడ ఆకాశం మీద పడదు.

స్పష్టత. దగ్గరి నుంచి తీస్తే ముందు వ్యాగన్ స్పష్టంగా, వెనకవి మసకగా వస్తాయి. నిజం రైలును తీస్తే అన్నీ స్పష్టంగానే ఉంటాయి. కెమెరా అయితే ఐఎస్ఓ 100, ఎఫ్/11 లేదా ఎఫ్/16, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్, రా ఫైల్. ఎఫ్/22 దాటితే లోతు పెరుగుతుంది గానీ వివరమంతా మెత్తబడిపోతుంది. అందుకని ఎఫ్/8లో పది పన్నెండు ఫొటోలు తీయండి: మొదటిది అన్నిటికంటే దగ్గరి వస్తువు మీద ఫోకస్, తర్వాత కొంచెం కొంచెం వెనక్కి, ప్రతి దాంట్లో ముందుదాని స్పష్టమైన భాగం కొంత కలిసేలా. ఫొటోషాప్, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వాటిని కలిపి ఒకటి చేస్తాయి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో బిగించి ఉండాలి, లేకపోతే కలిపిన చోట అతుకులు కనిపిస్తాయి. ఫోన్‌లో ప్రో మోడ్‌లో ఫోకస్ స్లైడర్ కదుపుతూ ఇదే చేయవచ్చు, ఫోన్ మాత్రం కదలకూడదు.

పోతున్న బండి కావాలంటే లెక్క ఇది. గంటకు 60 కి.మీ. అంటే హెచ్‌ఓలో సెకనుకు 19 సెం.మీ. పావు సెకను షట్టర్‌కు దాదాపు 5 సెం.మీ. చెదురుతుంది, అది చాలా ఎక్కువ. బండిని నెమ్మదిగా నడిపి, చెదురు ఒక సెంటీమీటరు లోపల ఉండేలా చూసుకోండి. ఆ ఫొటోకు స్టాకింగ్ (పైన చెప్పినట్టు చాలా ఫొటోలు కలపడం) కుదరదు.

తెర మీద చూసి మళ్లీ బల్ల దగ్గరికి

వెదరింగ్ అంతా అయ్యాక ఫొటో తీద్దాం అని ఆగొద్దు. వాష్ అయ్యాక ఒకటి, తుప్పు అయ్యాక ఒకటి తీసి, పెద్ద తెర మీద నూరు శాతం సైజులో చూడండి. కంటికి తుప్పులా కనిపించింది కెమెరాకు బురద ముద్దలా కనిపించవచ్చు. కుంచె వెంట్రుక, స్లీపర్ మీద కంకర రవ్వ, పైకప్పు మీద వేలిముద్ర, కప్లర్ మెరుపు, స్ప్రూ (విడిభాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ) కోసిన తెల్ల మచ్చ అన్నీ బయటపడతాయి. వీటిని సాఫ్ట్‌వేర్‌లో చెరపడం కంటే బల్ల మీద సరిచేయడమే తేలిక, తర్వాతి ఫొటోలన్నిటికీ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో చేసేది తక్కువే ఉంచండి. వైట్ బ్యాలెన్స్ సరిచేయడం, దుమ్ము చుక్కలు తీయడం, దూరపు తెర కాంట్రాస్ట్ కొంచెం తగ్గించడం. షార్ప్‌నెస్ పెంచితే పొడి రేణువులు గులకరాళ్లలా లేస్తాయి. ఇంజిన్ పొగ అతికించడం నాకు నచ్చదు, డీజిల్ స్టార్ట్ అయిన క్షణం తప్ప అంత పొగ ఎక్కడా ఉండదు.

ఫొటోల పని ముగిశాక బండి నడిపే ముందు పట్టాలను ఆల్కహాల్ గుడ్డతో ఒకసారి తుడవండి, పాస్టెల్ పొడి చక్రాలకు అంటితే ఇంజిన్ ఆగి ఆగి నడుస్తుంది. సరిచేసిన వ్యాగన్‌ను అదే కోణం నుంచి మళ్లీ తీసి పోల్చుకోవాలి కాబట్టి, ట్రైపాడ్ కాళ్లు, దీపం స్టాండు ఉన్న చోట నేల మీద మాస్కింగ్ టేప్ ముక్కలు అంటించి, ఎత్తు, షట్టర్, ఎఫ్ నంబర్ ఆ టేప్ మీదే పెన్నుతో రాసి ఉంచండి.